హనుమకొండలో చేయించిన చెర్రీ కౌంటీ గోడ మ్యాప్: షాపు పనితనం మీద నా రివ్యూ

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, ఫ్లెక్స్ కాదు వినైల్ ప్రింట్, పైన మ్యాట్ లామినేషన్, వెనక 5 ఎంఎం సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట), తెలుగు డీటీపీతో కలిపి మొత్తం 3,240 రూపాయలు అయింది. ఐదుకి నాలుగున్నర స్టార్లు ఇస్తాను, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తాను. షాపు హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక సందులో ఉంటుంది, ముందర ఎప్పుడు చూసినా పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఓపెనింగ్ బ్యానర్లు చుట్టలు చుట్టి నిలబెట్టి ఉంటాయి. పేరు రాయొద్దని ఓనరే అడిగాడు, పెళ్లిళ్ల సీజన్‌లో ఇలాంటి పని నలుగురు పట్టుకొస్తే ఉన్న ఇద్దరు మనుషులతో చేయలేమని. అందుకే పేరు లేకుండా రాస్తున్నాను. మీరు ఏ షాపుకెళ్లినా ఏం అడగాలి, ఎక్కడ చూసుకోవాలి అన్నది తెలిస్తే చాలు.

అసలు ఈ మ్యాప్ ఎందుకంటే, మా పెద్దమ్మాయి డాక్టర్. కాకతీయ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేసి, అమెరికాలో రెసిడెన్సీ, అంటే అక్కడి ఆసుపత్రి శిక్షణ, చేసింది. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్లు చదువు అయ్యాక రెండేళ్లు సొంత దేశానికి తిరిగి రావాలి, లేదంటే అక్కడే డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. కాన్రాడ్ 30 అంటారు, ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది డాక్టర్ల దాకా ఇలా తీసుకునే వీలుంది. అలా మా అమ్మాయికి నెబ్రాస్కా రాష్ట్రంలో చెర్రీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వచ్చింది, ఉండేది వాలెంటైన్ అనే పట్టణంలో.

ఇక్కడ ఎవరికి చెప్పినా "డాలస్‌కు దగ్గరనా, న్యూజెర్సీకి దగ్గరనా" అంటారు. దేనికీ దగ్గర కాదు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే, దూరం నుంచి చూస్తే ఆ పేరే కనపడదు, దగ్గరికి జరిపితే నాలుగు గీతలు తప్ప ఏమీ లేని తెరే మిగులుతుంది. మా అత్తమ్మకు ఎనభై దాటాయి, మనవరాలు ఎక్కడుందో ఆమెకు ఫోన్‌లో చూపించడం నా వల్ల కాలేదు. "పక్కిల్లు ఎంత దూరం? వాగు ఉన్నదా? రాత్రిపూట డ్యూటీ అయితే ఏ తొవ్వ పట్టుకొని వస్తది?" అని అడుగుతుంది. ముప్పై ఏళ్లు పిల్లలకు సోషల్ చెప్పినదాన్ని, మా ఇంట్లోనే ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే ఎట్లా అనిపించింది. అప్పుడే గోడ మ్యాప్ ఆలోచన వచ్చింది, అదీ తెలుగులో.

మ్యాపుల కోసం ఒక్క పైసా ఖర్చు కాలేదు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల టోపోగ్రాఫిక్ మ్యాపులు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించేవి, అన్నీ ఉచితమే, కాపీరైట్ ఉండదు, ఎవరైనా దించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉండే మా చిన్నోడు 1:1,00,000 స్కేలు మ్యాపులు తీసి, కౌంటీ హద్దుల వరకు అతికించి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఈ స్కేలు ఎంచుకోవడం మా అదృష్టమే అనాలి. లక్షకు ఒకటి అంటే నేల మీద ఒక కిలోమీటరు కాగితం మీద ఒక సెంటీమీటరు. కౌంటీ తూర్పు పడమరలుగా దాదాపు 155 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా వంద కిలోమీటర్లు. అంటే మ్యాపు ఐదడుగుల పైచిలుకు పొడవు, మూడడుగుల పైచిలుకు ఎత్తు వస్తుంది. సన్‌బోర్డు షీటు వచ్చేదే ఎనిమిదికి నాలుగు సైజులో కాబట్టి అందులోంచి ఆరుకి నాలుగు కోయిస్తే చుట్టూ వివరాలు రాసుకోవడానికి కూడా జాగా మిగులుతుంది.

షాపులో కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. మొదట చూడగానే "మేడం, ఇందులో ఏం లేదు కదా, మొత్తం ఖాళీయే ఉన్నది" అన్నాడు. నిజమే, చూడటానికి అట్లాగే ఉంటుంది. నేను ఓపిగ్గా చెప్పాను, వాడూ పని పక్కన పెట్టి విన్నాడు. రెండో రోజు నుంచి వాడే నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు.

చెర్రీ కౌంటీ విస్తీర్ణం సుమారు 15,500 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి వరంగల్ జిల్లా, అంటే ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ అన్నీ కలిసి ఉన్నప్పటి జిల్లా, 12,846 చదరపు కిలోమీటర్లు. దానికంటే ఇది పెద్దది. కనెక్టికట్ అని అమెరికాలో ఒక పూర్తి రాష్ట్రం ఉంది, దానికంటే కూడా పెద్దది. ఇక జనాభా చూడండి. 2011 లెక్కల్లో మన ఉమ్మడి జిల్లాలో 35,12,576 మంది. చెర్రీ కౌంటీలో 2020 లెక్కల ప్రకారం 5,455 మంది. తప్పు పడలేదు, అయిదు వేల నాలుగు వందల యాభై ఐదు. మన దగ్గర చదరపు కిలోమీటరుకు 273 మంది ఉంటే అక్కడ మూడు చదరపు కిలోమీటర్లకు ఒక మనిషి.

నేను 2011 జనగణనలో ఎన్యూమరేటర్‌గా చేశాను, 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు కూడా ఫారాలు పట్టుకొని గల్లీ గల్లీ తిరిగాను. జనగణనలో ఒక బ్లాక్ అంటే ఆరేడు వందల మంది. ఆ లెక్కన ఆ కౌంటీ మొత్తం ఎనిమిది మంది టీచర్ల పని. మా స్కూల్ స్టాఫ్ సరిపోతుంది. కానీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవాలంటే కారులో పది పదిహేను కిలోమీటర్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. ఈ మాట చెప్పినప్పుడు షాపు ఓనర్ కూడా పని ఆపి వచ్చి స్క్రీన్ ముందు నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ అర స్టార్ సంగతి. మొదటి ప్రింట్ తప్పు వచ్చింది. నేను స్కూల్లో వాడే పాత ముప్పై సెంటీమీటర్ల స్కేలు తీసుకెళ్లాను. మ్యాపు కింద పది కిలోమీటర్ల కొలత గీత ఉంటుంది, అది సరిగ్గా పది సెంటీమీటర్లు రావాలి. కొలిస్తే పదకొండుకు కొంచెం తక్కువ వచ్చింది. సరే, అంతా ఒకేలా పెరిగిందేమో అనుకొని సెక్షన్ గడులు చూశాను. అమెరికాలో ఆ ప్రాంతాల భూమినంతా మైలుకు మైలు చదరాలుగా సర్వే చేశారు, ఒక్కో చదరం 640 ఎకరాలు, దాన్ని సెక్షన్ అంటారు, అలాంటివి 36 కలిస్తే ఒక టౌన్‌షిప్. మ్యాపు మీద ఒక సెక్షన్ 1.6 సెంటీమీటర్ల చదరంగా, బొటనవేలి గోరంత ఉండాలి. నా స్కేలు పెడితే అడ్డంగా ఒక కొలత, నిలువుగా ఇంకో కొలత. చదరం కావాల్సింది దీర్ఘచతురస్రం అయింది. జాగా వదిలేస్తే బాగుండదని ఎవరో బోర్డుకు సరిపడా లాగేశారు. పెళ్లి ఫ్లెక్సీలో అట్లా లాగితే మనుషులు కొంచెం లావుగా కనపడతారు అంతే, మ్యాపులో లాగితే దూరాలన్నీ అబద్ధం అయిపోతాయి. ఒక్క మాట ఎదురు చెప్పకుండా, ఎక్స్‌ట్రా అడగకుండా మళ్లీ ప్రింట్ తీశారు. రెండో ప్రింట్‌లో కొలత గీత పది సెంటీమీటర్లు నికరంగా వచ్చింది. మీరు కూడా మ్యాపు వేయిస్తే ముందే గట్టిగా చెప్పండి, పొడవూ వెడల్పూ లాగొద్దు, అసలు సైజులోనే తీయమని, డబ్బులిచ్చే ముందు స్కేలు పెట్టి కొలుచుకోండి.

ఇంకో విషయం, ఫ్లెక్స్ మీద వేయించొద్దు. వాళ్లే ఒక అడుగు ముక్క శాంపిల్ తీసి చూపించారు. ఎత్తుపల్లాల సన్న గీతలన్నీ ఫ్లెక్స్ మీద మరకలాగా కలిసిపోయాయి. ఎకో సాల్వెంట్ మిషన్ మీద వినైల్ తీస్తే ప్రతి గీతా విడిగా కనపడింది. గ్లాసీ లామినేషన్ కూడా వద్దు, ట్యూబ్‌లైట్ పడి మెరిసి సగం మ్యాపు కనపడదు.

తెలుగు పేర్ల దగ్గర అసలు కష్టం వచ్చింది. నేను ఊర్ల పేర్లు, వాగుల పేర్లు కలిపి నలభై దాకా ఫోన్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపాను. షాపుల్లో ఇంకా అను ఫాంట్స్ అనే పాత రకం తెలుగు అక్షరాలే వాడతారు కదా, ఫోన్‌లో ఉండే యూనికోడ్ నుంచి మార్చేసరికి ఒత్తులు ఎక్కడివక్కడ జారిపోయాయి. నయోబ్రారాలో బ్రా విడిపోయి బ ఒకచోట, ఒత్తు ఇంకోచోట. క్రూక్‌స్టన్ మధ్యలో ఒక డబ్బా గుర్తు వచ్చి కూర్చుంది. చాలా చోట్ల ఇట్లాంటివి వదిలేస్తారు, మన ఊళ్లో బోర్డుల మీద రోజూ చూస్తూనే ఉన్నాం, నాకు చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఈ అబ్బాయి నలభై పేర్లూ చేత్తో మళ్లీ టైప్ చేశాడు. ఒక్కోటీ నాకు చదివి వినిపించి, పలకడం సరిగ్గా ఉందా అని అడిగి మరీ పెట్టాడు. నాలుగు స్టార్లు ఆ ఒక్క పనికే ఇస్తాను.

పేర్లు పెడుతుంటే కథలు వచ్చాయి. చెర్రీ అంటే పండు కదా మేడం, పక్కన పండు బొమ్మ పెట్టాలా అని అడిగాడు. పండు కాదు బాబూ, శామ్యూల్ చెర్రీ అని ఒక సైన్యపు లెఫ్టినెంట్, 1881లో చనిపోయాడు, రెండేళ్లకు 1883లో కౌంటీ ఏర్పడితే ఆయన పేరు పెట్టారు. వాలెంటైన్ కూడా ప్రేమికుల రోజు కాదు, ఎడ్వర్డ్ వాలెంటైన్ అని నెబ్రాస్కా నుంచి కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, ఎన్నికైన మనిషి పేరు. కాకపోతే ఫిబ్రవరి వచ్చిందంటే ఎక్కడెక్కడి వాళ్లో తమ ఉత్తరాలను ఆ ఊరి పోస్టాఫీసుకు పంపి, గుండె బొమ్మ ఉన్న ముద్ర వేయించుకుంటారు. మా అమ్మాయి మాకూ ఒకటి పంపింది, ఆ కవరు మ్యాపు పక్కనే పిన్ చేశాను.

నయోబ్రారా అనేది నది. పొంకా, ఒమాహా తెగల వాళ్ల మాట నుంచి వచ్చిన పేరు, వెడల్పుగా పరుచుకొని పారే నీళ్లు అని అర్థం. కౌంటీ పేరు సైన్యం మనిషిది, పట్టణం పేరు రాజకీయ నాయకుడిది, నది ఒక్కటే పాత మనుషుల మాటను నిలుపుకుంది. రైలు, రాంచీలు (పెద్ద పశువుల క్షేత్రాలు) రాకముందు అది లకోటా తెగ వాళ్ల వేట నేల. ఉత్తరాన సౌత్ డకోటాలో రోజ్‌బడ్ రిజర్వేషన్‌లో, అంటే ఆ తెగకు ప్రభుత్వం కేటాయించిన నేలలో, వాళ్లను ఉంచి, వాళ్ల మీద ఓ కన్నేసి ఉంచడానికి 1880లో ఫోర్ట్ నయోబ్రారా అనే దండు స్థావరం కట్టారు. 1906లో అది మూతపడింది. 1912లో అదే స్థలాన్ని వన్యప్రాణుల ఆశ్రయం చేసి, తర్వాత ఆరు అడవి దున్నలను తెచ్చి వదిలారు. ఒకప్పుడు కోట్లలో తిరిగిన బైసన్లు, వేటాడి వేటాడి అంతం చేసి, చివరికి ఆరింటితో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ మంద ఉంది, మా అమ్మాయి సెలవు రోజు వెళ్లి చూసి వస్తుంది.

రంగుల సంగతి చెప్పాలి, ఎందుకంటే రెండో ప్రింట్‌లో నీలం రంగు ఎంత బాగా వచ్చిందో చూస్తే గానీ ఆ నేల అర్థం కాదు. కౌంటీలో ఎక్కువ భాగం శాండ్‌హిల్స్, ఇసుక దిబ్బలు. నెబ్రాస్కా రాష్ట్రంలో నాలుగో వంతు ఈ దిబ్బలే, అమెరికా ఖండాల్లోకెల్లా పెద్ద ఇసుక దిబ్బల ప్రాంతం ఇదే. ఇసుక అనగానే ఎడారి అనుకుంటాం, కానీ దిబ్బల మీదంతా గడ్డి. ఆ గడ్డి వేర్లే ఇసుకను పట్టి ఉంచాయి, ఒక్కచోట గడ్డి తెగితే గాలికి ఇసుక లేచి గుంట పడుతుంది, పట్టించుకోకపోతే పెద్దదవుతూ పోతుంది. వాన మన వరంగల్‌లో పడేదాంట్లో దాదాపు సగమే. అయినా మ్యాపు దక్షిణం వైపు చూస్తే నీలం చుక్కలు చల్లినట్టు చెరువులే చెరువులు, ఎవరూ తవ్వనివి, కట్ట కట్టనివి.

ఇది ఎట్లా అని మా అత్తమ్మ అడిగితే చెలిమె అని చెప్పాను, వెంటనే అర్థమైంది. మేడారం జాతరకు పోయినప్పుడు జంపన్న వాగు ఇసుకలో చేత్తో తోడితే నీళ్లు ఊరతాయి కదా, అదే. అక్కడ వాన పడగానే పారిపోదు, ఇసుకలోకి ఇంకిపోతుంది. కింద ఓగల్లాలా అనే పెద్ద భూగర్భ జలాశయం ఉంది, సౌత్ డకోటా నుంచి టెక్సాస్ దాకా ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్నది. రెండు దిబ్బల మధ్య పల్లం ఆ నీటి మట్టం కంటే లోతుకు పోయిందంటే నీళ్లు పైకి తేలి చెరువు అవుతుంది. దేవుడు తోడిన చెలిమెలు అంది అత్తమ్మ. మన నేల రాతి నేల, వాన పడితే జారిపోతుంది, అందుకే కాకతీయుల కాలంలో కట్టలు కట్టి రామప్ప, పాకాల, లక్నవరం లాంటి చెరువులు నిలబెట్టుకున్నారు. అక్కడ నేలే నీళ్లను దాచిపెట్టింది. పశువుల కోసం గాలిమరలు పెట్టి తొట్లలోకి నీళ్లు తోడతారు, మ్యాపులో గాలిమర గుర్తులు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాం.

ఇంత నీళ్లుంటే వ్యవసాయం ఎందుకు చేయలేదు అని షాపు అబ్బాయి అడిగాడు, వాళ్ల నాన్నది పరకాల వైపు పత్తి సాగు. చేయబోయారు. 1862 హోంస్టెడ్ చట్టం కింద కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చేవాళ్లు. ఆ ఇసుకలో 160 ఎకరాలతో బతకలేరని మోజెస్ కింకేడ్ అనే కాంగ్రెస్ సభ్యుడు 1904లో చట్టం తెప్పించి, నెబ్రాస్కా పశ్చిమాన 37 కౌంటీల్లో 640 ఎకరాలు ఇప్పించాడు. ఐదేళ్లు ఉండి, బాగు చేసుకుంటే సొంతం. 640 ఎకరాలు అంటే ఇందాక చెప్పిన బొటనవేలి గోరంత గడి. రెండు మూడెకరాల రైతులున్న మన దగ్గర ఆరువందల నలభై అంటే నోరు తెరుస్తాం. అక్కడ అదీ చాలలేదు. దున్నితే ఇసుక ఎగిరింది, పంట నిలబడలేదు, ఆవులను మేపాలంటే ఆ గడ్డికి అంత జాగా సరిపోలేదు. చాలామంది పక్క రాంచీ వాళ్లకు అమ్ముకొని వెళ్లిపోయారు. 1920లో కౌంటీ జనాభా 11,753. అక్కడి నుంచి తగ్గుతూ తగ్గుతూ 2000 నాటికి 6,148, 2010కి 5,713, ఇప్పుడు 5,455. మనుషులు తగ్గారు, ఆవులు పెరిగాయి. మాంసం కోసం పెంచే ఆవుల సంఖ్యలో అమెరికా కౌంటీలన్నింట్లో మొదటి వరుసలో ఉండేది ఇదే.

మ్యాపులో లేని ఒక ఊరిని నేను అడిగి పెట్టించాను. డివిట్టీ. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు, వాళ్ల పిల్లలు 1907 నుంచి ఈ కింకేడ్ భూముల కోసం వచ్చి, నార్త్ లూప్ నది ఒడ్డున బ్రౌన్లీ దగ్గర ఊరు కట్టుకున్నారు. తర్వాత ఆ ఊరి పేరు ఆడేషస్ అయింది, ధైర్యం గలది అని. నెబ్రాస్కాలో నల్లజాతి వాళ్ల పల్లెల్లో పెద్దది, ఎక్కువ కాలం నిలిచింది అదే. పిల్లలకు స్కూలు పెట్టుకున్నారు, చర్చి కట్టుకున్నారు. ఇసుక వాళ్లనూ నిలవనివ్వలేదు. 2016లో అక్కడ రోడ్డు పక్కన స్మారక ఫలకం పెట్టారు. లేని ఊరు ఎందుకు మేడం అన్నాడు ఓనర్. ఆయన అత్తగారి వైపు వాళ్లది వేములవాడ దగ్గర మిడ్ మానేరులో మునిగిన ఊరట. మీ అత్తగారిని ఏ ఊరంటే ఏం చెప్తుందన్నా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే కూర్చొని బూడిద రంగు అక్షరాలతో డివిట్టీ అని పెట్టి, కింద చిన్నగా "ఇప్పుడు లేదు" అని రాయించాడు.

ఉన్న ఊర్లు చాలావరకు ఒకే గీత మీద, దండలో గుచ్చినట్టు ఉంటాయి. తూర్పు నుంచి వుడ్‌లేక్, వాలెంటైన్, క్రూక్‌స్టన్, కిల్‌గోర్, నెంజెల్, కోడీ, మెరిమన్. ఎందుకంటే 1880ల్లో రైలు పట్టా ఆ గీత మీదే వేశారు. కాజీపేట వాళ్లకు చెప్పక్కర్లేదు, రైలు వస్తే ఊరు ఎట్లా పుడుతుందో. 1990ల్లో ఆ రైలు తీసేశారు, పట్టాలు పీకేసి నడకకు, సైకిళ్లకు బాట చేశారు. వాలెంటైన్ దగ్గర నది మీద పాత రైలు వంతెన అట్లాగే ఉంది, పావు మైలు పొడవు, 148 అడుగుల ఎత్తు, ఇప్పుడు దాని మీద మనుషులు నడుస్తారు. వాలెంటైన్‌లో 2,600 పైచిలుకు, అంటే కౌంటీలో దాదాపు సగం మంది ఒక్క ఊళ్లోనే. మిగతావి మన తండాలంత.

అందులో కోడీ అనే ఊరు గురించి విని షాపులో అందరూ ఆశ్చర్యపోయారు. రెండు వందల మంది కూడా లేని ఊరు, కిరాణా కొట్టు లేదు, సరుకులకు చాలా దూరం పోవాల్సి వచ్చేది. అక్కడి హైస్కూలు పిల్లలే కొట్టు పెట్టారు. గడ్డి మోపులు పేర్చి, మీద పూత పూసి కట్టిన గోడలతో బిల్డింగు, 2013లో తెరిచారు, సరుకు తెప్పించడం, లెక్కలు రాయడం, కౌంటర్‌లో కూర్చోవడం పిల్లలకు చదువులో భాగం. టీచర్‌గా నాకు ఈ కౌంటీలో అన్నింటికంటే నచ్చింది ఇదే. కోడీ పక్కన చిన్న సంచి బొమ్మ పెట్టించాను.

పడమటి వైపు ఒక నిలువు చుక్కల గీత ఉంటుంది, మొదటిసారి దాన్ని చెరిపేశారు, అనవసరం అనుకొని. మళ్లీ పెట్టించాను. అది టైమ్ మారే హద్దు. ఒకే కౌంటీలో తూర్పున ఒక టైము, పడమట గంట వెనక. చలికాలంలో మాకు రాత్రి ఎనిమిదిన్నర అయితే వాలెంటైన్‌లో ఉదయం తొమ్మిది, మెరిమన్‌లో ఎనిమిది. పడమటి నుంచి పేషెంట్ ఫోన్ చేస్తే "మీ టైమా, మా టైమా" అని అడిగి అపాయింట్‌మెంట్ రాసుకుంటారట.

కింద కుడి మూలన ఒక డబ్బాలో జనాభా పట్టిక వేయించాను, 1920, 2000, 2010, 2020, చివర 2030 అని రాసి ఖాళీ వదిలించాను. అక్కడ పదేళ్లకోసారి సున్నాతో ముగిసే ఏడాదిలో లెక్కిస్తారు. మన 2021 జనగణన కరోనాతో ఆగి 2027కి పోయింది కదా, 2011 తర్వాత మన వరంగల్‌కు, హనుమకొండకు విడివిడిగా కొత్త అంకె ఇంకా చూడలేదు మనం. అది వచ్చాక మన ఉమ్మడి జిల్లాకు కూడా ఇట్లాంటిదే ఒక మ్యాపు, ఇదే షాపులో, అదే లక్షకు ఒకటి స్కేలులో చేయిస్తానని ఓనర్‌కు అప్పుడే చెప్పేశాను. రెండూ పక్కపక్కన పెడితే చూడాలని ఉంది.

డెలివరీ వాళ్లది కాదు, మనమే తెచ్చుకోవాలి. ఆరడుగుల బోర్డు ఆటోలో పట్టదు, ట్రాలీ మాట్లాడుకొని నయీంనగర్ దాకా పట్టుకొని కూర్చున్నాం, గాలికి సన్‌బోర్డు వంగుతుంది, తాడుతో కట్టొద్దు, అంచులు నలుగుతాయి. నాలుగు మూలలకు స్క్రూలు కొట్టకుండా వెనక సన్న చెక్క ఫ్రేమ్ వేయించుకుంటే మంచిదని షాపు వాళ్లే చెప్పారు, మేం చెక్క పట్టీలు వేయించాం.

అత్తమ్మ తన నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి వాలెంటైన్ మీద అంటించింది. సెంటీమీటర్లు ఆమెకు పట్టవు, జానలతో కొలుస్తుంది. బొట్టు నుంచి కోడీకి మూడు జానలు, మెరిమన్‌కు నాలుగున్నర. నిన్న వీడియో కాల్‌లో మా అమ్మాయి, ఒక పేషెంటును చూడటానికి కోడీ దాకా పోయి ఇప్పుడే వచ్చానంది. "మూడు జానలు పోయి మూడు జానలు వచ్చినవా, మంచు పడుతుందా తొవ్వల?" అని అడిగింది అత్తమ్మ, చెయ్యి మ్యాపు మీదే పెట్టుకొని.